పట్టువదలని గీత



తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లలో పెరిగినవాళ్లకు పద్యాలు వచ్చినా రాకపోయినా, ఒక బొమ్మ మాత్రం కంఠతా వచ్చు. శ్మశానం. కింద పుర్రెలు, ఎముకలు. దూసిన కత్తి, భుజం మీద శవం. ఆ చీకట్లో ఒక రాజు ఒంటరిగా నడిచిపోతూ ఉంటాడు. ఆ రాజు విక్రమార్కుడనీ, ఆ శవంలో ఉన్నది బేతాళుడనీ మీలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ బొమ్మ వేసిన మనిషి గురించి మాత్రం కాస్త చెప్పాలి. పిల్లల పత్రిక చందమామ చదివినవాళ్లకు ఆయన శంకర్. పూర్తి పేరు కరత్తొళువు చంద్రశేఖరన్ శివశంకరన్. చిన్నప్పటి నుంచీ నేను ఆయన బొమ్మలకు అభిమానిని. ఆ అభిమానం ఎందుకో ఈ కాసేపట్లో మీతో చెప్పుకోవాలని వచ్చాను.

శంకర్ గారు 1924లో కొంగునాడులో పుట్టారు. చిన్నతనంలోనే మద్రాసు చేరారు. బొమ్మల మీద ఇష్టం ఆయన్ని మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలకు తీసుకుపోయింది. అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మెరీనా బీచిలో బండరాయిని కదుపుతున్న కూలీల శిల్పం చూశారు కదా, అది చేసిన మహాశిల్పి ఆయనే. అలాంటి గురువు ఉన్న చోట చదువు పూర్తి చేసుకుని, శంకర్ గారు మొదట కలైమగళ్ అనే తమిళ పత్రికలో పని చేశారు. 1952లో వడపళనిలోని చందమామ ఆఫీసులో అడుగు పెట్టారు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు ఆయన పేరు, చందమామ పేరు విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

చందమామను నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వానికి వచ్చింది 1952లోనే. దాసరి సుబ్రహ్మణ్యం గారు చేరిందీ ఆ ఏడాదే. అంటే కథ రాసే చెయ్యి, సీరియల్ నడిపే చెయ్యి, బొమ్మ వేసే చెయ్యి ఒకే ఏడాది ఒక కప్పు కిందికి చేరాయి. అప్పటికే అక్కడ చిత్రా ఉన్నారు. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. తోకచుక్క, మకరదేవత లాంటి దాసరి వారి సీరియళ్లకు ఆయన వేసిన బొమ్మల్లో మాంత్రికులు, రాక్షసులు, వింత జంతువులు ఇప్పటికీ ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. ముఖచిత్రాల మీద తన ముద్ర వేసిన వడ్డాది పాపయ్య గారు మన శ్రీకాకుళం వారు. చిత్రా, శంకర్ మాత్రం తమిళులు. ఈ సంగతి మీద కాస్త ఆగుదాం. కథలు తెలుగులో పుట్టేవి. ఆ కథల్లోని రాజులకు, మంత్రులకు, కట్టెలు కొట్టుకునేవాళ్లకు, పేదరాసి పెద్దమ్మలకు మొహాలు ఇచ్చింది ఇద్దరు తమిళులు. పత్రిక ఇటు తెలుగువాళ్లకు ఎంత సొంతమో, అటు తమిళులకూ అంతే సొంతమైంది.

ఇలాంటి సంగతి మన ప్రాంతం వాళ్లకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. తిరుత్తణి 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాలో ఉంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అటు సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి. ఆఫీసుల బోర్డులు మారాయి, తాలూకా కాగితాలు మారాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు. పళ్ళిపట్టు, పొదటూరుపేటల మగ్గాల దగ్గర ఇప్పటికీ ఒకే మాటలో సగం తెలుగు, సగం తమిళం వినపడతాయి. మా వీధిలోనూ అంతే. మా ఇంటికి చందమామ వచ్చేది. పక్కింటి తమిళం వాళ్లకు అంబులిమామ వచ్చేది. నెల మొదట్లో ఒక్కోసారి మా పుస్తకం ఆలస్యమయ్యేది. అప్పుడు గోడ అవతలికి కేక వేసేవాణ్ణి.

“అక్కా, మీ దాంట్లో బేతాళుడు వచ్చినాడా?”

“వచ్చేసినాడు రా. చూసేసి ఇచ్చేయి, మా తమ్ముడింకా చదవలేదు.”

ఆ పుస్తకంలో అక్షరాలు అప్పటికి నాకు రావు. అయినా కథ సగం తెలిసిపోయేది. ఎందుకంటే అందులోవి శంకర్ బొమ్మలు. తర్వాత మా చందమామ వచ్చాక చూస్తే అవే బొమ్మలు, అవే చోట్లలో ఉండేవి. మారింది పక్కనున్న అక్షరాలే. చూడగా చూడగా, కథను మోస్తున్నది సగం ఆ బొమ్మలేనని నాకు తెలిసివచ్చింది. అక్షరం రాని పిల్లాడికి కథ చెప్పగలిగితే ఆ బొమ్మలో ఎంత పనితనం ఉండాలి!

ఆ పనితనం ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. మొదట బేతాళ కథల తలకట్టు బొమ్మనే తీసుకుందాం. కథ ప్రతి నెలా మారుతుంది. ఆ తలకట్టు మాత్రం ప్రతి నెలా మన ముందుకు వస్తుంది. అంతగా చూసిన బొమ్మ పాతబడాలి. పాతబడలేదు. కారణం ఆ నడక. రాజు నిలబడి ఫోజు ఇవ్వడం లేదు, పరుగెత్తడమూ లేదు. బరువు మోస్తూ నడుస్తున్నాడు. చుట్టూ భయం గొలిపేవన్నీ ఉన్నా వాటివైపు లక్ష్యం లేదు. ఒళ్లంతా ఒక పని మీద ఉన్న మనిషిది. ధైర్యాన్ని చూపించాలంటే మీసాలు మెలితిప్పించి, కళ్లెర్ర చేయించడం తేలిక. శంకర్ గారు ఆ తేలిక దారి పట్టలేదు. అడుగులో చూపించారు. అందుకే పట్టువదలని విక్రమార్కుడు అన్న మాట వినగానే తెలుగువాడి కళ్ల ముందు కదిలేది ఆ అడుగే.

బేతాళుడి పాతిక కథలు సంస్కృతంలో ఏనాడో ఉన్నాయి. సోమదేవుడి కథాసరిత్సాగరంలోనూ ఉన్నాయి. ఆ పాతికా అయిపోయాక కూడా చందమామ ఆ చట్రాన్ని వదల్లేదు. కొత్త కథలు రాయించి, చివర చిక్కుప్రశ్న పెట్టి, దశాబ్దాల పాటు నడిపింది. 1960ల నుంచి ఆ కథలకు శంకర్ గారే ఆస్థాన చిత్రకారుడు. ప్రతి నెలా అదే రాజు, అదే శవం, అదే శ్మశానం. మౌనం వీడగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. అన్నేళ్లు ఒకే శ్మశానంలో తిరిగినా ఆయన చెయ్యి విసుగెరగలేదు. రాజుకు ఎంత ఓర్పు ఉందో, ఆ రాజును గీసిన మనిషికీ అంత ఓర్పు ఉంది.

ఈ శ్మశానం బొమ్మ మన ప్రాంతపు పిల్లలకు మరీ దగ్గరిది కావడానికి ఇంకో కారణం ఉందని నేననుకుంటాను. తిరువళ్ళూరులో రైలెక్కి అరక్కోణం వైపు వస్తుంటే దారిలో తిరువాలంగాడు స్టేషన్ తగులుతుంది. అక్కడ వటారణ్యేశ్వరుడి గుడి ఉంది. నటరాజస్వామి అయిదు సభల్లో రత్నసభ అదే. మర్రి అడవిలో, శ్మశాన భూమిలో స్వామి కాళితో పోటీపడి నాట్యమాడాడని స్థలపురాణం. అరవై ముగ్గురు నాయన్మార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మయ్యార్ తన అందాన్ని వదిలేసి, పిశాచ రూపం కావాలని వరం కోరుకుని, ఆ నాట్యం చూస్తూ పాడుతూ ఉండిపోయింది అక్కడే. గుళ్లో ఎముకల గూడులాంటి ఆ తల్లి రూపానికి దండం పెట్టుకుని ఎదిగిన పిల్లలం మనం. శ్మశానమంటే భయం ఉండొచ్చు కానీ రోత లేదు. శంకర్ గారి శ్మశానమూ అలాంటిదే. పుర్రె ఉంటుంది, దయ్యం ఉంటుంది, నెత్తురు కక్కే బీభత్సం ఉండదు. రాత్రిపూట చూసినా పిల్లాడు జడుసుకోడు. ఇంకాస్త దగ్గరికి లాక్కుని చూస్తాడు.

ఇక గీత సంగతి. ఆ రోజుల్లో బొమ్మ కాగితం మీద వేస్తే సరిపోయేది కాదు, అది అచ్చుకు నిలవాలి. గీసిన బొమ్మను ఫోటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంలో ముంచేవారు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా ఆమ్లం తినేస్తుంది, గీత మాత్రం ఉబ్బెత్తుగా మిగులుతుంది. సిరా అంటేది ఆ ఉబ్బు మీదే. మరీ సన్నని గీత పెడితే బ్లాకులో తెగిపోతుంది. గీతలు మరీ దగ్గర దగ్గరగా పెడితే సిరా నిండి మసి ముద్దవుతుంది. పైగా చాలా పేజీల్లో ఒకటి రెండు రంగులే. మగ్గం మీద ఒక్క పోగు తెగినా బట్ట మొత్తం చెప్పేస్తుంది. ఈ పనీ అలాంటిదే, ఒక్క గీత తడబడినా లక్షల ప్రతుల్లో తడబడుతుంది. శంకర్ బొమ్మల్లో ఆ తడబాటు ఎంత వెతికినా దొరకదు. పట్టుచీర మడతలకు ఒక రకం గీత, నార చీరకు ఒక రకం. ఏనుగు తొండం మీద ముడతలు వేరు, ముసలివాడి మెడ మీద ముడతలు వేరు. నలుపు ఎక్కడ నిండుగా పొయ్యాలో, తెలుపు ఎక్కడ ఊరికే వదిలేయాలో ఆయనకు బాగా తెలుసు. చెట్టు కింద చీకటి కావాలంటే పేజీ అంతా నల్లగా చెయ్యరు. మనిషి వీపు వెనక రవ్వంత నలుపు పెడతారు, మిగతా చీకటి మన కళ్లే నింపుకుంటాయి.

ఇంకొకటి, ఏ క్షణాన్ని గీయాలో ఎంచుకోవడం. కథలో ఎన్నో జరుగుతాయి, బొమ్మకు దొరికేది ఒక్క క్షణమే. చాలామంది చిత్రకారులు దెబ్బ పడ్డాక గీస్తారు. శంకర్ గారు ఎక్కువగా దెబ్బ పడబోయే ముందు ఆగుతారు. గొడ్డలి లేచి ఉంటుంది, తలుపు సగమే తెరుచుకుని ఉంటుంది, మంత్రి నోరు తెరవబోతూ ఉంటాడు. ఆ తర్వాత ఏమైందో తెలియాలంటే చదవాల్సిందే. అందుకే ఆయన బొమ్మ చూసిన పిల్లాడు పుస్తకం పక్కన పెట్టడు. ఎంతమందికి చదువు మీద ఆశ పుట్టించిందో ఆ సగం తెరిచిన తలుపు!

దర్బారు బొమ్మ వేస్తే ఆయన జనాన్ని గుంపుగా వేయరు. ఒక్కొక్కరినీ వేస్తారు. రాజు మాట వింటున్నవాడొకడు, పక్కవాడి చెవిలో గొణిగేవాడొకడు, ఏమీ పట్టనట్టు వింజామర వీస్తున్న దాసి ఒకతె. వెనకాల స్తంభాలు చూడండి. అడుగున సింహమో, మధ్యలో పద్మమో, పైన బోదెలో, అన్నీ మన గుళ్లలోవే. తిరుత్తణి కొండ మెట్లెక్కి గుళ్లో నిలబడినప్పుడు, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి మండపంలో కూర్చున్నప్పుడు, ఇవన్నీ ఎక్కడో చూశామే అనిపిస్తుంది. చందమామలో చూశాం. అలాగే చందమామలో చూస్తున్నప్పుడు గుడి గుర్తొస్తుంది. కథలో ఉజ్జయిని అన్నా, కాశీ అన్నా, ఆ పిల్లాడికి అది తన ఊరి గుడి పక్కనే జరిగినట్టు ఉండేది.

నాకు మరీ నచ్చేది పేదవాళ్లను ఆయన వేసే తీరు. కుమ్మరి, చాకలి, పశువులు కాసుకునేవాడు, పుల్లలేరుకునే ముసలమ్మ. వాళ్లకు నగలుండవు, పట్టుబట్టలుండవు. చిత్రకారుడు తొందరగా తేల్చేయొచ్చు. శంకర్ గారు తేల్చేయరు. సారె తిప్పుతున్న కుమ్మరి చేతివేళ్లు ఎలా ఉండాలో అలాగే ఉంటాయి. మట్టికుండ మెడ దగ్గర వంపు సరిగ్గా ఉంటుంది. పేడకళ్లెత్తే మనిషి నడుం వంగిన తీరు చూస్తే, ఆ పని చూసినవాడే వేశాడని తెలుస్తుంది. రాజుకు ఎంత శ్రద్ధ పెట్టారో కుమ్మరికీ అంత శ్రద్ధే. ఆడవాళ్ల బొమ్మల్లోనూ అంతే మర్యాద. రాణి అయినా పేరంటాలైనా, కథలో వాళ్ల బుద్ధి ఏమిటో కళ్లలో కనిపిస్తుంది. మా లాంటి ఇళ్ల పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. మన నాన్నలాంటివాడు, మన అవ్వలాంటిది పుస్తకంలో గౌరవంగా కనబడటం ఎంతో బలం.

ఇప్పుడు కామిక్స్ అంటే మనకు గుర్తొచ్చేది గదులు గదులుగా గీసి, మనుషుల నోళ్ల దగ్గర బుడగల్లో మాటలు నింపిన పుస్తకాలు. 1967లో అమర్ చిత్ర కథ వచ్చింది. 1972లో శివకాశి నుంచి ముత్తు కామిక్స్ వచ్చింది. తమిళ పిల్లలు దాని కోసం ఎగబడ్డారు. అవీ గొప్పవే, నేనూ ఇష్టంగా చదివాను. ఆ పద్ధతిలో మాట బొమ్మలోనే కూర్చుంటుంది. భాష మారితే బుడగలు మళ్లీ నింపాలి. శంకర్ గారి బొమ్మలో అక్షరానికి చోటే లేదు. మాట్లాడవలసిందంతా చెయ్యి, భుజం, కనుబొమ్మ మాట్లాడాలి. అందుకే ఆ బొమ్మ తెలుగు నుంచి తమిళానికి, కన్నడానికి, హిందీకి, మరాఠీకి, ఒడియాకు, గుజరాతీకి, మలయాళానికి, ఇంగ్లీషుకు, సంస్కృతానికి కూడా ఒక్క గీత మార్చకుండా వెళ్లింది. పదికి పైగా భాషల్లో చందమామ వచ్చింది. ఒడిశాలో పిల్లాడు, మహారాష్ట్రలో పిల్ల, తిరుత్తణిలో నేను, అందరం విక్రమార్కుణ్ణి ఒకే మొహంతో ఎరుగుదుం. దేశంలో ఇంతమంది పిల్లలకు ఒకే బాల్యాన్ని పంచిన చిత్రకారులు చాలా అరుదు.

చిత్రా గారు 1978లో పోయారు. కుటుంబరావు గారు 1980లో పోయారు. అచ్చు పద్ధతులు మారాయి, యాజమాన్యం మారింది, టీవీలు వచ్చాయి. శంకర్ గారు ఎనభై దాటాక కూడా చందమామకు బొమ్మలు వేస్తూనే ఉన్నారు. ఆ పత్రిక ఆగిపోయాక రామకృష్ణ మఠం వారి తమిళ పత్రిక రామకృష్ణ విజయంలో వేశారు. 2020 సెప్టెంబర్ 29న చెన్నైలో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది, 2021లో, ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఆ గౌరవం ఆయన చేతికి అందివుంటే ఎంత బాగుండేది! బతికుండగా ఆయనకు దక్కిన గౌరవం వేరే ఉంది. ఆయన పేరు తెలియని ఇంట్లో కూడా ఆయన బొమ్మ ఉండేది.

చివరగా మన ప్రాంతం శ్రోతలకు ఒక మనవి. మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో తమిళం చదువుకుంటున్నారు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి పాఠం అయింది. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవడం మంచిదే, నేర్చుకోవాలి కూడా. కానీ తెలుగు అక్షరాలు మాత్రం చాలా ఇళ్లలో అవ్వాతాతల దగ్గరే ఆగిపోతున్నాయి. నోటికి తెలుగు వస్తుంది, కంటికి రాదు. దీనికి మందు శంకర్ గారు ఎప్పుడో వేసి పెట్టారు. ఒకే నెల చందమామ, అంబులిమామ సంపాదించండి. పాత సంచికలు చాలా వరకు ఇప్పుడు కంప్యూటర్లో, ఫోన్లో కూడా చదువుకోవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి అదే కథ, అదే బొమ్మ తీయండి. తమిళం వచ్చిన పిల్లాడు అంబులిమామలో కథ చదువుతాడు. బొమ్మ ఒకటే కాబట్టి, చందమామలో ఆ బొమ్మ పక్కన ఏముందో వాడికి ముందే తెలుసు. ఇక అక్షరాలను గుర్తుపట్టడమే మిగులుతుంది. తెలుగు వచ్చి తమిళం చదవలేని పెద్దవాళ్లు ఇదే దారిలో అటు నుంచి రావచ్చు. పక్కింటివాళ్లనూ పిలవండి, వాళ్ల పిల్లలూ కూర్చుంటారు.

అటక మీద చందమామ బైండ్లు ఉన్నవాళ్లు దయచేసి పాత పేపర్ల కొట్టుకు వేయకండి. మీ ఊరి గ్రంథాలయానికో, బడికో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పిల్లలకు శంకర్ గారి పేరు చెప్పి ఇవ్వండి. విక్రమార్కుడి పేరు ఎలాగూ అందరికీ తెలుసు. ఆయన్ని మన ముందు నడిపించిన శంకర్ పేరు కూడా ఆ పిల్లలకు తెలియాలి.